ఒకే ఒక పరమాణువును పట్టి చూడటానికి చిన్న లెన్స్ ఎందుకు?

ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "విద్యుదావేశం లేని ఒకే ఒక పరమాణువును లేజర్ కాంతితో పట్టి నిలపవచ్చనీ, దాన్ని చిన్న లెన్స్‌తోనే గుర్తించవచ్చనీ చదివాను. ఆవేశమే లేనిదాన్ని కాంతి ఎలా పట్టుకుంటుంది? లోపల ఉన్నది ఒకటే, రెండు కావు అని ఎలా తెలుస్తుంది? మంచి మైక్రోస్కోపులు ఉండగా చిన్న లెన్స్ ఎందుకు? ఇది మా కాలేజీలో సాధ్యమా?"

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సులువవుతాయి.

ఒక పరమాణువు వెలువరించే కాంతి ఒకే దిక్కుకు పోదు, నలువైపులా చెదిరిపోతుంది. అందులో మన చేతికి ఎంత వస్తుందన్నది లెన్స్ పరిమాణం మీద ఆధారపడదు. పరమాణువు దగ్గర నిలబడి చూస్తే ఆ లెన్స్ ఎంత కోణాన్ని ఆక్రమిస్తుందన్నదే లెక్క. ఆ కోణాన్ని తెలిపే సంఖ్యే న్యూమరికల్ అపెర్చర్ (అర్ధకోణపు సైన్ విలువ). అది 0.5 అయితే అర్ధకోణం 30 డిగ్రీలు. మొత్తం గోళంలో అది 6.7 శాతం. 0.7 దాకా వెళ్తే 14 శాతం. ఈ 30 డిగ్రీలను శూన్యపాత్ర (గాలి తీసేసి పరమాణువును ఉంచే పాత్ర) బయటి నుంచి, పది సెంటీమీటర్ల దూరంలో సాధించాలంటే పదకొండున్నర సెంటీమీటర్ల వ్యాసం ఉన్న లెన్స్ కావాలి. పైగా మధ్యలో ఉన్న గాజు కిటికీ తెచ్చిపెట్టే దోషాన్ని కూడా ఆ లెన్సే సరిదిద్దాలి. అదే లెన్స్‌ను పాత్ర లోపల ఆరు మిల్లీమీటర్ల దూరంలో పెట్టారనుకోండి, ఏడు మిల్లీమీటర్ల వ్యాసం చాలు.

ఇంకో లాభం కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఒకే ఆకృతి గల లెన్స్‌ను పది రెట్లు చిన్నది చేస్తే దాని ఆకార దోషాలు కూడా పది రెట్లు తగ్గుతాయి. కాంతి తరంగదైర్ఘ్యం మాత్రం మారదు. కాబట్టి తరంగదైర్ఘ్యంతో పోల్చి చూస్తే చిన్న లెన్స్ తప్పు చిన్నదే అవుతుంది. పెద్ద లెన్స్‌లో అనేక గాజు ముక్కలతో సాధించే శుద్ధిని చిన్నదానిలో ఒకే గోళేతర (గోళపు ముక్కలా కాని వంపు ఉన్న) ఉపరితలంతో సాధించగలగడానికి ఇదే కారణం.

చరిత్ర కూడా అదే దారిలో నడిచింది. 2001లో పారిస్ సమీపంలోని ఓర్సేలో ఉన్న ఆప్టిక్స్ సంస్థ బృందం, ఒక మైక్రాన్ కన్నా సన్నని కాంతి చుక్కలో ఒక్కొక్క రుబీడియం పరమాణువును పట్టి చూపింది. అందుకు వాళ్లు ప్రత్యేకంగా చేయించుకున్నది తొమ్మిది లెన్సుల అమరిక, దాని న్యూమరికల్ అపెర్చర్ 0.7. 2007లో అదే పరిశోధక వర్గం అచ్చుపోసి చేసిన ఒకే ఒక గోళేతర లెన్స్‌తో, 0.5 అపెర్చర్‌తో, వివర్తన పరిమితి (కాంతి తరంగ స్వభావం అనుమతించే అతి చిన్న చుక్క) దాకా వెళ్లవచ్చని నిరూపించింది. లేజర్ డయోడ్ల ముందు బిగించడానికి వేలల్లో తయారయ్యే రకం లెన్సులివి. ఈ రంగానికి గేట్లు తెరిచింది ఆ రెండో పనే అని నా అభిప్రాయం. తొమ్మిది లెన్సుల వస్తువు ఒక ప్రయోగశాల గొప్పతనంగా మిగిలిపోతుంది. కేటలాగులో దొరికే లెన్స్ అయితే ఎవరైనా కొనుక్కోవచ్చు. 2008లో సింగపూర్ బృందం 4.5 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న రెండు లెన్సుల మధ్య ఒక పరమాణువును నిలిపి, అది ఒక్కటే తన మీద పడ్డ లేజర్ కాంతిలో పది శాతానికి పైగా అడ్డుకోగలదని కొలిచింది. కాంతిని అటూ ఇటూ తిప్పే అద్దాల పెట్టె లేదు, ప్రతిధ్వని లేదు. ఉన్నదల్లా ఒక పరమాణువు, దాని నీడ.

ఇక మొదటి ప్రశ్న. తటస్థ పరమాణువులో నికరంగా ఆవేశం లేకపోయినా, లోపల ధన కేంద్రకం, చుట్టూ రుణ ఎలక్ట్రాన్లు ఉంటాయి. కాంతిలోని విద్యుత్ క్షేత్రం వాటిని ఎదురెదురుగా కొద్దిగా లాగి, డోలనం చేసే ద్విధ్రువాన్ని సృష్టిస్తుంది. కాంతి పౌనఃపున్యం పరమాణువు అనునాదం (అది కాంతిని బలంగా పీల్చే పౌనఃపున్యం) కన్నా తక్కువైతే ఆ ద్విధ్రువం క్షేత్రంతో కలిసి ఊగుతుంది. అప్పుడు కాంతి ఎక్కడ గాఢంగా ఉంటే అక్కడే పరమాణువు శక్తి తక్కువ. అందుకే అది నాభి వైపు జారుతుంది. రుబీడియం-87కు అనునాదాలు 780, 795 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. పరమాణువును పట్టే ఈ కాంతి ఉచ్చుకు సాధారణంగా 850 చుట్టుపక్కల తరంగదైర్ఘ్యం వాడతారు. ఒక మైక్రాన్ వ్యాసార్ధానికి కుదించిన ఐదు మిల్లీవాట్ల కాంతి దాదాపు ఒకటిన్నర మిల్లీకెల్విన్ల లోతున్న శక్తి గుంతను ఇస్తుంది (లోతును ఉష్ణోగ్రతగా చెప్పడం ఇక్కడి వాడుక). ఉపన్యాసాల్లో తెరను చూపడానికి వాడే లేజర్ సూచిక శక్తి ఇదే స్థాయిలో ఉంటుంది. ఇక్కడ పని చేసేది శక్తి మొత్తం కాదు, దాన్ని ఎంత చిన్న చోట కుక్కామన్నది.

ఒకటిన్నర మిల్లీకెల్విన్ అంటే ఎంత? గది ఉష్ణోగ్రత 300 కెల్విన్. మామూలు రుబీడియం వాయువులోని పరమాణువుకు ఈ గుంత ఉన్నట్టే తెలియదు. ముందు లేజర్ శీతలీకరణతో, అంటే ఎదురు వచ్చే లేజర్ కాంతి తోపుతో, దాని వేగాన్ని చంపాలి. రుబీడియంకు ఈ పద్ధతి మామూలుగా చేరే కనిష్ఠం, అంటే డాప్లర్ శీతలీకరణ పరిమితి, 146 మైక్రోకెల్విన్లు. అక్కడి నుంచి చూస్తే మన గుంత బాగానే లోతు. గదిలోని వేడి వాయు అణువు ఒక్కటి వచ్చి ఢీకొన్నా పరమాణువు ఎగిరిపోతుంది కనుక పాత్రలో పీడనం 10⁻¹⁰ మిల్లీబార్ స్థాయికో, ఇంకా కిందికో దిగాలి. 1986లో బెల్ ప్రయోగశాలల్లో స్టీవెన్ చూ, ఆర్థర్ ఆష్కిన్ ఉన్న బృందం పరమాణువులను ఇలా కాంతితో మొదటిసారి పట్టింది. చూకు 1997లో, ఆష్కిన్‌కు 2018లో నోబెల్ వచ్చాయి.

గుంత ఆకారం కూడా తెలుసుకోవాలి. అది గుండ్రంగా ఉండదు. అడ్డంగా ఒక మైక్రాన్, కాంతి నడిచే దిశలో మూడున్నర, నాలుగు మైక్రాన్లు. ఒక మిల్లీకెల్విన్ లోతు దగ్గర పరమాణువు అడ్డంగా సెకనుకు లక్ష సార్లు ఊగితే, పొడవున ఇరవై వేల సార్లే ఊగుతుంది. పరమాణువు నిలకడలో ఇబ్బంది వస్తే ముందు ఈ పొడవు దిశనే అనుమానించండి.

ఇప్పుడు రెండో ప్రశ్న, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఉచ్చులో ఒకటే ఉందని మనం ఎంచి పెట్టము. భౌతికశాస్త్రమే ఆ పని చేసిపెడుతుంది. శీతలీకరణ కాంతి వెలుగుతుండగా ఇంత ఇరుకు గుంతలోకి రెండో పరమాణువు వచ్చి పడితే, ఇద్దరిలో ఒకటి ఉత్తేజితమై, రెండూ ఒకదాన్నొకటి బలంగా ఆకర్షించుకుంటాయి. ఆ పరుగులో వచ్చిన గతిశక్తి గుంత లోతు కన్నా చాలా ఎక్కువ. రెండూ బయటికి ఎగిరిపోతాయి. కాబట్టి ఉచ్చులో ఉండేది సున్నా లేదా ఒకటి. రెండు అన్న స్థితి వచ్చినంత వేగంగా పోతుంది. డిటెక్టర్ లెక్కలను కాలం వెంట గీస్తే రెండే మెట్లు కనిపిస్తాయి: నేల మెట్టు, దాని మీద ఒకే ఎత్తు. మూడో మెట్టు ఉండదు. ఇదంతా జరగాలంటే గుంత సన్నగా ఉండాలన్నది ఇక్కడి షరతు. చుక్క వెడల్పయితే పరమాణువులు ఒకదానికొకటి దూరంగా బతికేస్తాయి, ఒకటి, రెండు, ఐదు అన్నీ కలుస్తాయి. అంటే పదునైన లెన్స్ చూడటానికి మాత్రమే కాదు, ఒంటరితనాన్ని హామీ ఇవ్వడానికి కూడా కావాలి.

దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే, ఏ క్షణంలో చూసినా ఉచ్చు నిండి ఉండే అవకాశం సగమే. 2010లో న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు ఢీకొట్టించే కాంతి పౌనఃపున్యాన్ని అనునాదానికి పైవైపు జరిపి, ఇద్దరిలో ఒకరే బయటికి పోయేలా చేసి, ఆ అవకాశాన్ని 80 శాతం దాటించారు. ఇంకో దారి 2016లో ఫ్రాన్స్, అమెరికా బృందాలు చూపించినది: చాలా ఉచ్చులు వేసి, ఫొటో తీసి, ఏవి ఖాళీయో చూసి, నిండినవాటిని కదిలే కాంతి చుక్కలతో ఖాళీల్లోకి జరపడం. తటస్థ పరమాణువులతో నడిచే నేటి క్వాంటం కంప్యూటర్లు ఎక్కువగా ఈ ఉపాయం మీదే నిలబడ్డాయి. అమరావతి క్వాంటం వ్యాలీ వార్తల్లో మీరు చదివే ఐబీఎం యంత్రం అతివాహక వలయాలది. ఆ దారి పూర్తిగా వేరు, రెండింటినీ కలపవద్దు.

గుర్తించడం దగ్గరికి వద్దాం. ఇక్కడ భౌతికశాస్త్రం కన్నా జమాఖర్చుల పద్దు ఎక్కువ. పూర్తిగా సంతృప్తం చేస్తే రుబీడియం పరమాణువు సెకనుకు సుమారు 1.9 కోట్ల ఫోటాన్లు వెదజల్లగలదు. ఆచరణలో దాన్ని చల్లగా ఉంచుతూ చూడాలి కనుక, పది లక్షలకో, ఇంకా తక్కువకో పరిమితమవుతాం. అందులో లెన్స్ పట్టేది 6.7 శాతం. దారిలోని అద్దాలు, ఫిల్టర్లు, ఫైబర్ కలిసి సగం మింగేస్తాయి. ఫోటాన్ లెక్కించే డయోడ్ సామర్థ్యం అరవై శాతం చుట్టూ ఉంటుంది. అన్నీ గుణిస్తే నికరంగా మిగిలేది రెండు శాతం. సెకనుకు పది వేల క్లిక్కులు వచ్చాయంటే మీ అమరిక బాగున్నట్టే.

అది సరిపోతుందా? పది మిల్లీసెకన్లు చూశారనుకోండి. పరమాణువు నుంచి 100 క్లిక్కులు, చెల్లాచెదురు కాంతి నుంచి 20. ఖాళీ ఉచ్చు 20 దగ్గర, నిండిన ఉచ్చు 120 దగ్గర గుట్టలు పోస్తాయి. పాయ్‌సాన్ గణాంకాల ప్రకారం (విస్తృతి సగటుకు వర్గమూలం) వాటి విస్తృతి నాలుగున్నర, పదకొండు. 55 దగ్గర గీత గీస్తే పొరపాటు దాదాపు ఉండదు. నేపథ్యం ఐదు రెట్లు పెరిగితే ఇదే ఉచ్చు, ఇదే పరమాణువు, కానీ గుట్టలు వెడల్పై ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. అందుకే కొత్తవాళ్లకు నేను చెప్పేది: సంకేతాన్ని రెట్టింపు చేసే పనిలో పడకముందు నేపథ్యాన్ని సగం చేయండి. రెండో పని చవక.

మధ్యలో ఒక చిక్కు. ప్రతి ఫోటాన్ పరమాణువును కొంచెం తన్నుతుంది. ఒక్కో చెదరింపుకు సుమారు 0.36 మైక్రోకెల్విన్ల శక్తి చేరుతుంది. శీతలీకరణ లేకుండా అనునాద కాంతితో కొడితే, ఒక మిల్లీకెల్విన్ గుంతలోని పరమాణువు 2,800 ఫోటాన్లకల్లా అంచు దాటుతుంది. రెండు శాతం లెక్కన మనకు దక్కేవి 56 క్లిక్కులు. అందుకే చూసే కాంతి, చల్లబరిచే కాంతి ఒకటే అయ్యేలా అమర్చుతారు. పరమాణువు వెలుగుతున్నంతసేపూ చల్లబడుతూనే ఉంటుంది.

అసలు కష్టం చెల్లాచెదురు కాంతితో. 780 నానోమీటర్ల దగ్గర ఒక మిల్లీవాట్ అంటే సెకనుకు దాదాపు 40 కోట్ల కోట్ల ఫోటాన్లు. వాటిలో రెండు వేలు మాత్రమే మన డిటెక్టర్ చేరాలని కోరుకుంటున్నాం. పైగా అవి పరమాణువు కాంతితో ఒకే రంగు కనుక ఏ రంగు ఫిల్టరూ వాటిని వేరు చేయలేదు. వేరు చేసేది స్థలం ఒక్కటే. పరమాణువు ప్రతిబింబాన్ని ఒక సింగిల్ మోడ్ ఫైబర్ (ఒకే సన్నని కాంతి మార్గం ఉన్న గాజు తీగ) కొన మీదనో, సన్న రంధ్రం మీదనో వేస్తే డిటెక్టర్‌కు కొన్ని మైక్రాన్ల చోటు మాత్రమే కనిపిస్తుంది, మిగతా లోకమంతా చీకటి. ఉచ్చు తాలూకు 850 కాంతిని మాత్రం రంగు ఫిల్టర్లతో ఆపవచ్చు. ఒకటి చాలకపోతే రెండు పెట్టండి, మొహమాటం వద్దు.

ఇక్కడే చిన్న లెన్స్ తన అసలు ధర అడుగుతుంది. ఆరు మిల్లీమీటర్ల దూరంలో రెండు లెన్సులు ఎదురెదురుగా ఉంటే, వాటి మధ్య సందులోంచే ఆరు శీతలీకరణ పుంజాలూ దూరాలి. పుంజం అంచు లెన్స్ అంచును తాకిందా, పాత్ర అంతా వెలుగే. పుంజాలను సన్నగా చేస్తే పట్టుబడే పరమాణువుల మబ్బు చిన్నదవుతుంది. అయినా మనకు కావలసింది ఒక్కటే కదా, ఆ నష్టాన్ని నిశ్చింతగా భరించవచ్చు. లెన్స్ పట్టుకునే లోహపు అంచులకు నలుపు పూయాలనిపిస్తుంది గాని, ఆ నలుపు శూన్యంలో వాయువులు వదలకూడదు. జిగురు విషయంలోనూ అదే జాగ్రత్త. పాత్రను నూట యాభై డిగ్రీల దాకా కాల్చి చల్లార్చినప్పుడు, పట్టీ లోహం ఒకలా, గాజు ఇంకోలా వ్యాకోచించి, రెండు లెన్సుల అక్షాలు జరుగుతాయి. పాత్ర మూసేశాక లోపలికి చెయ్యి పెట్టే వీలు లేదు. కాబట్టి రెండు లెన్సులనూ ఒకే గొట్టంలో, స్క్రూలు తక్కువగా, బయట బల్ల మీదే సరిచూసి, కాల్చి, మళ్లీ సరిచూసి లోపల పెట్టడం మంచిది. సర్దుబాటు మరలన్నీ పాత్ర బయట, పుంజం వచ్చే దారిలో ఉండాలి.

ఇంకొకటి: అచ్చు లెన్స్ ఒక రంగుకే దిద్దినది. ఎనిమిది మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉంటే 780కీ 850కీ నాభులు పది, ఇరవై మైక్రాన్ల తేడాతో పడతాయి. మన గుంత పొడవే నాలుగు మైక్రాన్లు. ఉచ్చు పుంజాన్ని కాస్త విప్పారేలానో, ముడుచుకునేలానో బయటి నుంచి సర్ది రెండు నాభులనూ కలపాలి. పాఠ్యపుస్తకాల్లో ఈ మాట ఉండదు. పరమాణువు ఉచ్చులో ఉండి కూడా కనిపించని సందర్భాల్లో మొదట చూడవలసింది ఇదే. ఉచ్చు కాంతి పరమాణువు అనునాదాన్నే జరుపుతుందన్నది కూడా మరవకండి. ఒక మిల్లీకెల్విన్ లోతు అంటే 21 మెగాహెర్ట్జ్. అనునాదం సొంత వెడల్పు (సహజ రేఖా విస్తృతి) 6 మెగాహెర్ట్జ్ మాత్రమే.

లెన్స్ కన్నా చిన్నవి కూడా ఉన్నాయి. 2009లో హైడెల్‌బర్గ్, వియన్నా పరిశోధకులు ఒక చిప్ మీద కొన సన్నగా చెక్కిన ఫైబర్‌తో కాంతి పంపి, పక్కనే ఇంకో ఫైబర్‌తో ఫోటాన్లు ఏరి, ప్రవహిస్తూ పోయే పరమాణువులను 66 శాతం దాకా సామర్థ్యంతో గుర్తించారు. అద్దాలు, లెన్సులు సర్దే గొడవ లేదు. ఫైబర్లు చిప్ మీద చెక్కిన గాడుల్లో వాటంతట అవే కూర్చుంటాయి. 2022లో కొలరాడోలోని బౌల్డర్ పరిశోధకులు నానో స్తంభాలు నాటిన చదునైన గాజు పలకనే లెన్స్‌గా వాడి ఒంటరి పరమాణువులను పట్టారు.

వేరే తరహా ఆలోచన సూక్ష్మ కుహరాలది, అంటే కాంతి అటూ ఇటూ తిరిగే చిన్న అద్దాల జంటలది. అనునాదంలో పరమాణువు కాంతికి చూపే అడ్డు వైశాల్యం 0.29 చదరపు మైక్రాన్లు. నాలుగు మైక్రాన్ల పుంజంలో అది చాలా చిన్న భాగం. కానీ కాంతిని రెండు అద్దాల మధ్య వందల సార్లు తిప్పితే పరమాణువుకు అన్ని అవకాశాలు దొరుకుతాయి. లెక్క కట్టి చూస్తే అద్దాల మధ్య దూరం ఇక్కడ రాదు. ఎన్నిసార్లు తిరిగింది, పుంజం ఎంత సన్నం అన్న రెండే మిగులుతాయి. పుంజం సన్నబడితే మధ్యరకం అద్దాలు కూడా పనికొస్తాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీ వారు సిలికాన్‌లో గుంట చెక్కి ఒక అద్దం, ఫైబర్ కొనపై రెండోది పెట్టారు. పారిస్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో ఫైబర్ కొనలనే పుటాకారంగా కరిగించి అద్దాలు చేశారు. 2010లో వారు ఒక పరమాణువు ఏ అంతర్గత స్థితిలో ఉందో 100 మైక్రోసెకన్లలో 99.9 శాతానికి మించిన విశ్వసనీయతతో చదివారు, చదివాక కూడా పరమాణువు అక్కడే ఉంది. లెన్స్‌తో మిల్లీసెకన్లు పట్టే పని ఇది. అయితే కుహరం పొడవును నానోమీటరులో చిన్న భాగం దాకా స్థిరంగా నిలపాలి. ఒకటి, రెండు పరమాణువులకు అది గొప్ప సాధనం. వందల ఉచ్చులు కావాలంటే లెన్సే నయం, ఎందుకంటే ఒకే లెన్స్ నాభితలంలో ఎన్నో చుక్కలు వేయవచ్చు.

కాలేజీలో సాధ్యమా అంటే, ఒంటరి పరమాణువు సాధ్యం కాదు. అందుకు శూన్య వ్యవస్థ, స్థిరపరిచిన లేజర్లు, ఏళ్ల ఓపిక కావాలి. శీతల పరమాణువుల మీద పనిచేసే బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ, పుణె ఐసర్ వంటి చోట్ల ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టుకోండి. కానీ ఈ పనిలోని ముక్కలు కొన్ని మీ బల్ల మీద చేయవచ్చు. ఒక 780 నానోమీటర్ల డయోడ్ లేజర్, ఒక రుబీడియం ఆవిరి సీసా ఉంటే సంతృప్త శోషణ వర్ణపటం (ఎదురెదురు పుంజాలతో పరమాణువు సన్నని రేఖలను బయటపెట్టే కొలత) తీయండి. పరమాణువుతో మీ మొదటి పరిచయం అదే. ఒక గోళేతర లెన్స్ కొని దాని నాభి చుక్క వ్యాసాన్ని బ్లేడు అంచు జరుపుతూ కొలవండి, తర్వాత లెన్స్‌ను అర డిగ్రీ వంచి మళ్లీ కొలవండి. ఎంత త్వరగా చుక్క చెడుతుందో చూస్తే, లెన్స్ అమర్చడానికి నెలలు ఎందుకు పడతాయో తెలుస్తుంది. ఫోటాన్ కౌంటర్ అరువు దొరికితే, బాగా మసకబరిచిన లేజర్ కాంతిలో పది మిల్లీసెకన్ల లెక్కలు కొన్ని వేలు తీసి పంపిణీ గీయండి. సగటు, విస్తృతి వర్గం సమానంగా రాకపోతే మీ డిటెక్టర్‌లోనో, గదిలోని ట్యూబులైటులోనో ఏదో ఉంది. అది పట్టుకున్నాక దరఖాస్తులో ఆ గ్రాఫు జతచేయండి, మార్కుల జాబితా కన్నా ముందు దాన్నే చూస్తారు.